పది పక్కన చుక్క

కొటేషన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో ఏడాదిగా తిప్పుతున్నాను.
మడతల దగ్గర అంకెలు చెరిగాయి.
పద్దెనిమిది లక్షలా, ఇరవై ఎనిమిదా
అని అడిగితే ఇప్పుడు కాగితమే నీళ్ళు నములుతుంది.

రాత్రి తొమ్మిదికి గాజులమండ్యం ఎస్టేటులో దిగుతాను.
రెడ్డెమ్మ షిఫ్టు అప్పుడే మొదలు.
నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్నది,
జడ చొక్కా లోపలికి దోపి ఉంటుంది.
"తిరిగేదాని దగ్గర వేలాడేది ఏదీ ఉండకూడదు న్నా"
అని మొదటిరోజు మెడలో తువ్వాలు తీయించింది,
రెండోరోజు మణికట్టుకున్న కాళహస్తి తాడు.

ఇరవై రెండేళ్ళు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఫిట్టర్ని.
ఒక సీజన్లో, దామలచెరువు దగ్గర,
గుప్పెడంత కప్లింగ్ పగిలింది.
కోయంబత్తూరు నుంచి కొత్తది వచ్చేలోగా
మూడు రోజులు, నాలుగు లారీల తోతాపురి
గేటు బయట పులిసి రోడ్డు మీదికి కారింది.
ఈగల మోతలో నిలబడి అనుకున్నాను,
ఇది ఇక్కడే చేయొచ్చు కదా అని.

అనుకోవడానికి త్రీ ఫేజు కరెంటు అక్కర్లేదు.

ఆకురాయి పట్టి కాయలు కాసిన అరచేయి నాది.
మిషనుకి దాంతో పనిలేదు.
దానికి సున్నా కావాలి.
దిమ్మెకు ఏ మూల నుంచి లోకం మొదలో
మనం వేలు పెట్టి చూపాలి.
"తప్పు మూల చూపితే తప్పుగానే కోస్తాది,
కానీ శానా కచ్చితంగా కోస్తాది" అంటుంది రెడ్డెమ్మ.

చిన్నప్పుడు బళ్ళో సున్నా మరిచి
పందిని పది చేసి దెబ్బలు తిన్నవాణ్ణి.
ఇక్కడ పది పక్కన చుక్క మరిచాను.
పది మిల్లీమీటర్లు జరగాల్సిన బల్ల
వెంట్రుక మందంలో ఆరో వంతు జరిగి ఆగింది.
పాత కంట్రోలు, చుక్క లేని పదంటే దానికి పది మైక్రాన్లే.
కదల్లేదనుకుని నేను మళ్ళీ నొక్కాను, మళ్ళీ నొక్కాను.
రెడ్డెమ్మ నవ్వలేదు.
అది నవ్వి ఉంటే బాగుండేది.

ఇంకోరాత్రి పరుగుకీ కోతకీ తేడా మరిచాను,
జీ ఒకటి రాయాల్సిన చోట జీ సున్నా.
టక్ మంది.
పన్నెండు వందల కార్బైడు ముక్క ఎటు ఎగిరిందో
తెల్లారేదాకా దొరకలేదు.
ఆమె నోటుబుక్కులో నా పేరు కింద రాసింది,
ఆ కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలింది.

అప్పట్నుంచి ముందు గాలిని కోస్తున్నాను.
దిమ్మెకు జానెడు పైన, కూలెంటు ఆపి,
టూలు ఏమీ లేనిచోట గుంత తవ్వుతుంది,
ఏమీ లేనిచోట నాలుగు రంధ్రాలు వేస్తుంది.
రేణిగుంట వైపు గూడ్సు బండి పోయేదాకా
నేను లేని కప్లింగ్‌ను కళ్ళార్పకుండా చూస్తాను.

మొన్న నిజంగా కోశాను.
తెల్లటి నీళ్ళ కింద ఇనుము గుసగుసలాడింది.
దగ్గు మొదలైతే ఫీడు తగ్గించాను.
కొలిస్తే, వందో వంతులు రెండు జాస్తి.
చేయి దానంతటదే ఆకురాయి మీదికి పోయింది.
రెడ్డెమ్మ మణికట్టు పట్టుకుంది,
తాడు ఊడదీసిన చోటే.
"ఇది చేత్తో దిద్దితే మిగతా యాభై కూడా
చేత్తోనే దిద్దాల న్నా.
ముక్కను వదిలెయ్. అంకె మార్చు."

ఇరవై రెండేళ్ళ చేయిని వెనక్కి తీసుకోవడానికి
కొంచెంసేపు పట్టింది.

ఆటోనగర్ షెడ్డులో సుద్దతో మిషనంత గీత గీశాను.
తలుపు తెరిచేంత జాగా, చుట్టూ మనిషి తిరిగేంత జాగా.
అప్పుడు షట్టరు కొలిచాను. నాలుగంగుళాలు తక్కువ.
పోయిన ఏడే కొని ఉంటే
అది లారీ మీదే వాయిదాలు కట్టించుకునేది.
సుద్దగీత మధ్యలో ఇప్పుడు వీధి కుక్క పడుకుంటుంది,
సరిగ్గా సరిపోయి.

పొద్దున డీలరు కుర్రాడు ఫోను చేశాడు.
"సార్, ఆఫర్ నెలాఖరు దాకే. ఏం చేస్తా ఉన్నారు?"
ఏం చెప్పను,
"గాలి కోస్తా ఉండా బాబూ" అన్నాను.
అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు.