బూట్ల బరువు

బుధవారం సాయంత్రం, హోటలు వెనక గదిలో
ఆరుగురం డాక్టర్లం కూర్చున్నాం.
వేడి టీ పడగానే కప్పులో కలకండ పలుకు
చిటుక్కుమంది. తూర్పు ఫ్రీజియాలో
ఆ చప్పుడు అయ్యాకే ఎవరైనా నోరు విప్పుతారు.

నీరసించిన గుండెల కోసం కొత్త పథకం.
ఇంటింటికీ ఒక బరువు మిషను.
పొద్దున్నే ఎక్కితే చాలు, అంకె దానంతటదే పట్నం పోతుంది.
అక్కడ మరైకె అనే నర్సు చూస్తుంది:
పచ్చ, పసుపు, ఎరుపు.
మూణ్ణెల్లకోసారి మేం ఫారం నింపాలి.

"మెల్లగా మన రోగుల్ని పట్టుకుపోతారు" అన్నాడు ఉకేనా.
అరవై ఎనిమిదేళ్ళు. క్లినిక్కు అప్పజెప్పడానికి మనిషి దొరకలేదు.
"ఆదివారం నువ్వు నిద్రపోవా?" అంది స్వాంత్యె,
ఒళ్ళో పసిపిల్లతో. "నేను పోవాలి. ఇంకెవరైనా మేలుకోనీ."
పొప్పింగా ఫారంలో గళ్ళు లెక్కపెట్టాడు. నలభై మూడు.
"ఒక్కటీ 'ఎలా ఉన్నావు' అని అడగదు" అన్నాడు.
అడిగే గడి ఉంటే దాన్నీ తిట్టేవాడే.

నేనేమీ అనలేదు. గేషె గుర్తొచ్చింది.
నవంబరులో నేను సెలవులో ఉండగా
నాలుగు రోజుల్లో మూడు కిలోలు పెరిగింది.
కనిపెట్టింది మరైకె.
ఊళ్ళో ఉన్నా నేను చూసేదాన్ని కాదేమో.
గేషె వస్తే మనవడి పెళ్ళి కబుర్లే,
ఆయాసం సంగతి తను చెప్పదు, నేనడగను.
ముప్పై ఏళ్ళ పరిచయం ఒక్కోసారి కంటికి పొర.

అందుకే సంతకం పెట్టాను.
నా మాట మీద హాబ్బో కూడా పెట్టాడు.

హాబ్బో నలభై ఏళ్ళు సముద్రపు కట్ట మీద లాకు కాశాడు.
పోటులో తలుపు మూసి, ఆటులో తెరిచి
పొలాల నీళ్ళు బయటికి తోలినవాడు.
అతనికి గుండె బొమ్మ గీసి చూపించక్కర్లేదు.
"పంపు అరిగింది, కాలవలు నిండుతున్నాయి. అంతేగా?"
అంతే.

కోళ్ళకి మేత వేసొచ్చి
రబ్బరు బూట్లతోనే మిషనెక్కుతాడు.
వంగి విప్పాలంటే ఊపిరాడదు.
"రోజూ అవే బూట్లు డాక్టరమ్మా. తేడా తేడాయే కదా."
లెక్కలో తప్పు లేదు. నవ్వి ఊరుకున్నాను.

జనవరిలో తొంభై ఒకటి. తొంభై రెండు.
తొంభై మూడు దాటి పసుపు.
మరైకె ఫోన్ చేసి నన్నడిగింది,
నీటి మాత్ర ఒకటి పెంచమన్నాను.
మర్నాడు తొంభై ఒకటి. పచ్చ.
"పనిచేసింది!" అంది, నిజంగా సంతోషపడి.
నేనూ గడిలో టిక్కు పెట్టాను.
తొమ్మిది రోజులు పచ్చ.

పదో రోజు గుడ్ల కోసం ఆగాను, ఇంకే కారణమూ లేదు.
వసారాలో బూట్లు, గోడకి ఆనుకుని, పొడిగా.
ఒకదాని నోట్లో సాలీడు ఇల్లు కట్టుకుంది.
కోళ్ళకి మేత వేస్తున్నది పక్కింటి కుర్రాడు.
లోపల హాబ్బో, మేజోళ్ళతో,
రాత్రంతా కుర్చీలోనే కూర్చున్న ముఖంతో.
"పాదాలు పట్టడం లేదమ్మా అందులో."

అంబులెన్సు వచ్చేలోగా
బూట్లు రెండూ మిషను మీద పెట్టాను.
రెండు కిలోల మూడు వందలు.
అంత నీరు
పచ్చదీపం కింద దాక్కుంది.

ఆ రాత్రి ఉకేనాకి ఫోన్ చేస్తే "చెప్పానా?" అనేవాడు.
చెయ్యలేదు. మరైకెకి చేశాను.
చాలాసేపు మాట్లాడలేదు ఆ అమ్మాయి.
తర్వాత అడిగింది, గొంతు సవరించుకుని:
"ఇంకా ఎవరెవరు ఏమేం తొడుక్కుని ఎక్కుతున్నారు?"

నా పేరు కింద ముప్పై ఒక్క మంది.
తను ఒక్కో పేరే చదివింది.
అందరూ నాకు తెలిసినవాళ్ళే,
వాళ్ళ కుక్కల పేర్లతో సహా.

పన్నెండుమంది దగ్గర
నాకు జవాబు లేదు.