ఏటైనాది బావూ

కూకట్‌పల్లిలో తొమ్మిదేళ్ళు
బొటనవేలే నా నోరు.
సిగ్నల్ దగ్గర అంకెలు దిగుతుంటే
మూడు పడకముందే వెనక నించి మొదలయ్యేది,
నేనూ ముందువాణ్ణి తరిమేవాణ్ణి.
ఎవడి మీదా కోపం లేదు.
వాన పడితే కప్ప అరిచినట్టు, అంతే.
బండికీ బండికీ మధ్య జానెడు వదిలావా
అందులోకి ఒక స్కూటీ దూరేది.
చోటివ్వడం అక్కడ చేతగానితనం.

ఇజీనారం తిరిగొచ్చేశాను.
బావమరిది తవిటినాయుడి ఆటో,
వాడి కాలు బాగయ్యే దాకా.
మొదటి బుధవారం, మూడు లాంతర్ల దగ్గర
(పేరుకే మూడు, ఆగమనేది ఒక్కటీ లేదు)
అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని
ఒక ముసిలమ్మ రోడ్డు దాటుతోంది,
వసారాలోంచి వంటింట్లోకి పోతున్నట్టు.
నొక్కాను. అలవాటు. మూడుసార్లు.

పరిగెత్తలేదు. తిట్టలేదు.
నడిరోడ్డు మీద ఆగి
కట్టతో సహా ఒళ్ళంతా తిప్పి
తిన్నగా నా దగ్గరికే వచ్చింది.
"ఏటైనాది బావూ?
ఆస్పత్రికేటి? ఎవులికి?"

లూనా మీద అరటిగెలలతో పోతున్నాయన
కాలు కింద పెట్టి "ఎవులికట?" అన్నాడు.
సోడాబండి కుర్రాడు గోలీ నొక్కబోయి ఆగాడు.
మూడే మూడు కూతలకి
బజారు బజారంతా నా వెనక సీట్లోకి తొంగిచూస్తోంది,
అక్కడ ఎవరో పడుకుని ఉన్నట్టు.

సీటు ఖాళీ.
"ఎవులికీ ఏటీ లేదమ్మా" అన్నాను.
"మరెందుకు దాన్నలాగ ఏడిపించినావు?"
కట్ట దించి, చెంగు దులుపుకుని, ఎక్కి కూర్చుంది.
"ఆపినావు గదా, దాసన్నపేట కాడ దించీ."

ఇదేదో బంగారంలాంటి ఊరని చెప్పటం లేదు.
రెండు మోటార్‌సైకిళ్ళు నడిమధ్య ఆపుకుని
వడ్డీ లెక్క తేల్చుకుంటారు, మనమే చుట్టు తిరగాలి.
రాంగు రూటులో వచ్చేవాడే నవ్వి చెయ్యూపుతాడు.
తవిటినాయుడి కాల్లో రాడ్డు
లైటు లేని బండి గుద్దడం వల్లే.
గుద్దినవాడు పదిహేడు రోజులు
ఆస్పత్రికి క్యారేజీ మోశాడు, చేపల పులుసుతో సహా.
మంచం పక్కన కూర్చుని ముళ్ళు కూడా తీసి పెట్టాడు.
లైటు మాత్రం ఇప్పటికీ వేయించలేదు.

నిన్న ఆ రాడ్డు చూపించడానికి
వాణ్ణి విశాఖ తీసుకెళ్ళాను.
జగదాంబ దాటాక, వెనక ఒక తెల్ల కారు.
మూడుసార్లు.
నాకేమైందో నాకే తెలీదు,
పక్కకి తీసి, ఆపి, దిగి,
వెళ్ళి ఆ అద్దం మీద తట్టాను.
"ఏటైనాది బావూ?"

అద్దం దిగలేదు.
దాంట్లో నా మొహమే, చెమటతో.
వెనక సీట్లో కాలు బారజాపుకుని తవిటినాయుడు:
"వచ్చి ఎక్కు బావా,
ఇక్కడెవులికీ ఏటీ అవ్వనేదు."