కన్నం

మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే ఊరు.
పెయ్‌పసి సరస్సు ఒడ్డున
ఒకప్పుడు చేపలకు పొగబెట్టిన కొట్టం మా ప్రయోగశాల.
ఐదేళ్లుగా మంచుకి కన్నం వేస్తున్నాం.
కింద నీళ్ల ఊపిరి ఎంతుందో లెక్క రాసుకుని
దొంగల్లాగే
ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోతున్నాం.

చెప్పాలా అని అడిగింది మేం కాదు.
ఉల్లిపాయల జడలమ్మే ఫియోక్తిస్తా
త్రాసులో చేపలు వేస్తూ అడిగింది:
"మా సరస్సుకి ఏం జబ్బు?
రోజూ సూదులు గుచ్చుతున్నారు."
లేలో మొహం ఎర్రబడింది. "ఇంకా తేలలేదండీ."
"డాక్టర్లంతా ఇదే మాట" అంటూ ఆవిడ
ఒక చేప తక్కువ తూచింది.

హెల్దుర్ మా పెద్ద.
సూపు చల్లారేదాకా నోరు విప్పడు.
"తేలనిది చెబితే పుకారు. తేలాక చెప్పడానికి పత్రిక ఉంది."
ఆ పత్రికని ప్రపంచం మొత్తం మీద చదివేది పదకొండుమంది,
అందులో ముగ్గురు ఆ బల్ల దగ్గరే ఉన్నారు.
ఈ మాట ఎవరూ పైకి అనలేదు.
స్పూన్లు కాస్త చప్పుడు చేశాయి.

"మన అంకెలు ఎవడైనా ఎత్తుకుపోతే?" ఉర్మస్ భయం.
"ఎత్తుకుపోవాలంటే ముందు అర్థం కావాలిగా" అంది లేలో.
బరమా తిప్పేవాణ్ణి, చదువు తక్కువ,
తగుదునమ్మా అని నేనూ నోరు పెట్టాను:
"చల్లకొచ్చి ముంత దాచినట్టుంది మన పని.
నీళ్లు వాళ్లవి. వలలు వాళ్లవి.
వాళ్ల తాతలు మునిగిన చోటు.
దాచేది వాళ్ల దగ్గరా?"

సరే, ఎవరు రాయాలి?
రాయగలిగినవాళ్లకి తీరిక లేదు,
తీరికున్న నాకు వ్యాకరణం లేదు.
లేలో మొదటి వాక్యం పైకి చదివింది:
"ద్రావిత ప్రాణవాయు సాంద్రతలో ఋతుపరమైన క్షీణతా ధోరణి..."
పొయ్యి పక్కనున్న పిల్లి లేచి వెళ్లిపోయింది.

కొట్టేసి మళ్లీ రాసింది:
"మంగళవారం మా మీటరు నీళ్లలో పడిపోయింది.
తాడు ముడి నేనే వేశాను."
హెల్దుర్ కళ్లద్దాలు తీసి
చాలాసేపు తుడిచాడు.
"ముడి సంగతి ఉంచు" అన్నాడు.

ఒక్క కాగితం, రెండు భాషలు, నాలుగు మేకులు.
చేపల కొట్టు తలుపు మీద
రొట్టెల బండి వేళల పక్కన.
మూడు రోజులు ఎవరూ ఆగి చదవలేదు,
కనీసం మేం చూస్తుండగా చదవలేదు.

నాలుగోనాడు కాగితం అంచున పెన్సిల్ రాత,
అతుక్కుపోయిన చేప పొలుసు ఒకటి:
"మీరు కన్నం వేసిన చోట అడుగున ఊట ఉంది.
అక్కడి నీళ్లు మిగతా సరస్సు సంగతి చెప్పవు.
రెండొందల అడుగులు ఇవతలికి రండి.
ముడి వేయడం నేర్పిస్తాను.
జినోవి."

ఐదేళ్ల అంకెలు
బల్ల మీదే ఉన్నాయి, కదల్లేదు.
హెల్దుర్ ఆ రాత్రి సూపు ముట్టలేదు.

తెల్లారి కొత్తచోట బరమా దించాను.
ఫియోక్తిస్తా ఇంకా ఒక చేప తక్కువే తూస్తోంది.
రెండో కాగితం నన్నే రాయమన్నారు.
"మేం పొరబడ్డాం" దాకా వచ్చింది.
ఆ పైన ఏం రాయాలో తోచక
పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాను.