మొగులు మీద గీత

ఎనుమాముల మార్కెట్ల పొద్దుగాల
నాకు ఎవరూ ఏదీ చూపించక్కర్లేదు.
గేటు దాటంగనే ముక్కు చెప్తది:
ఎడమకు తేజ, గొంతుల దిగే ఘాటు.
కుడికి చపాటా, దాన్ని రంగు కోసం కొంటరట.
రంగుతోని నాకేం పని, వాసన చాలు.
పత్తి బోరెం మీద చెయ్యి పెడితే
తేమ ఎంతో మిషన్ కన్న ముందే చెప్త.

మా నాయిన అడ్తిల గుమస్తా.
ఆయన కాలంల ధర తువ్వాల కింద నడిచేది.
రెండు వేళ్ళు నొక్కితే ఒక లెక్క,
మణికట్టు తాకితే ఇంకో లెక్క.
కండ్లున్నోళ్ళు చూసేది ఉత్త తువ్వాలనే.
ఒకనాడు నా చేతిని లోపలికి గుంజి
"గిది నీ బడి బిడ్డా" అన్నడు.

ఇప్పుడు నా బల్ల మీద కంప్యూటరు,
చెవుల ఒక ఆడగొంతు.
పాత షీటుల బాణం మీట నొక్కితే
గడి గడికీ పలికేది: సి పన్నెండు, నలభై బస్తాలు.
పొలం గెట్టు మీద నడిచినట్టు నడిచేటోన్ని.

మొన్నటి సంది షీటు బ్రౌజర్లకు పోయింది.
అదే బాణం నొక్కితే గెట్టు మాయం.
"బటన్" అంటది. "బటన్. బటన్. గ్రాఫిక్. బటన్."
ఏం బటనే తల్లీ?
మిరపకాయకు పేరున్నది,
గేటుకాడ పొద్దంత పండుకునే కుక్కక్కూడ రెండు పేర్లున్నయి.
ఈ పదిహేడింట్ల ఒక్కదానికన్న పేరు పెట్టనీకి
చేసినోనికి తీరలేదా?

ఫర్జానా మేడం మంచిదే.
"షార్ట్‌కట్లు నేర్చుకో, అందరూ దీనికే మారిండ్రు" అన్నది.
రాత్రిళ్ళు హన్మకొండ రూముల కూసొని నేర్చుకున్న.
ఫోకస్ మోడు, బ్రౌజ్ మోడు,
ఏ కాలు మీద ఉన్ననో తెల్వని కొంగ లెక్క.

ఇయ్యాల నలభై ఒక్క లాట్లు కొట్టిన.
ఏదో తెరుచుకున్నట్టుంది, గొంతు పలకలేదు.
ఎంటర్, ఎస్కేప్, ట్యాబ్,
ఏ గోడకు కొట్టినా సప్పుడు లేదు.
చాయ్ తెచ్చిన హమాలీ ఓదెలును ఆపిన.
ఓదెలుకు కండ్లున్నయి, చదువు లేదు.
నాకు చదువున్నది.
"తెర మీద ఏమున్నదో చూడే."
వంగిండు. చెమట, మిరప దుమ్ము.
"మీద మూలకు మొగులు బొమ్మున్నది.
దాని మీద అడ్డం గీత కొట్టిండ్రు."
కొంచెం ఆగి, సంబురంగ,
"మొగులు కొట్టేసిండ్రంటే వాన లేనట్టే గదా!"

బయట యార్డుల మిరపరాశులు ఆరబోసున్నయి.
రైతులు పొద్దటి సంది పైకే చూస్తున్నరట.

నెట్టు తెగిందని ఎట్ల చెప్పాలె,
నా నలభై ఒక్క లాట్లు ఎక్కడా చేరలేదని,
ఆ గీత ఎప్పటిసంది ఉన్నదో
నాకు చెప్పెటోళ్ళు లేరని?
"అవు ఓదెలూ, వాన లేదు" అన్న.

పేజీ మల్ల తెరిచిన.
ఒకటో లాటు కాడ చెయ్యి ఆపి కూసున్న.
ఓదెలు పోలేదు.
"ఉన్నది… ఇంకా ఉన్నది…"
బస్తాలు లెక్కబెట్టినట్టు చెప్తున్నడు.
తర్వాత నోటితోని చెప్పుడు బంద్‌జేసి
నా మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టిండు.
"గీత పోంగనే నొక్కుత.
అప్పుడు కొట్టు."