రెక్క మొదట్ల

పొద్దుగాల్నే కాయితం వొచ్చింది.
రెక్క వొచ్చి పెయ్యికి కలిసేకాడ
బోల్టు తొర్రలు చూడాలె,
ఇంకో యాభై గంటలు ఎగరకముందే.
చూడక ఎగిరేస్తే అది విమానం గాదు, రేకుడబ్బా
అని అండ్ల రాసిలేదు గని
జహంగీర్ సార్ అట్లనే చదివిండు.

సాగర్ కట్ట దిక్కుకెల్లి గాలి
షెడ్డు తలుపు సందులల్ల ఈలేస్తుంది.
రెండు సీట్ల బుడ్డ విమానం,
పిలగాండ్లు నేర్సుకునేది.
రోజుకు ముప్పై మార్లు దిగుతది,
దిగినప్పుడల్ల మోకాలికి ఒక దెబ్బ.
దాని పుస్తకంల ప్రతి దెబ్బకు లెక్కుంటది.

మాది మర్రిగూడ దిక్కు.
మా నాయినమ్మ మోకాళ్లకు పుస్తకం లేదు.

సీటు ఊడబీకి, మ్యాటు లేపి
ఇరవై రెండు స్క్రూలు చాయ్ గిలాసలేసిన.
లెక్కవెడితే ఇరవై ఒకటి.
మళ్ల ఒంపి లెక్కవెట్టిన. ఇరవై ఒకటే.
గంటన్నర బండల మీద బోర్ల పండి దేవులాడితే
నా బూటు గాడిలనే ఇరికి దొరికింది.
నాకు నవ్వొచ్చింది.
సార్ నవ్వలే. దొరక్కపోతే
ఈ వారం తలుపే తెరువకపోదుం, అన్నడు.

ఎర్ర మందు పూసిన. పావుగంట ఆగిన.
తుడిసిన, అసలు పూయనే లేదన్నట్టు తుడిసిన.
తెల్ల పొడి కొడితే
పండుగకు సున్నమేసిన గోడ లెక్కయింది లోహం.
ఇగ ఎదురుచూసుడే.
పగులుంటే, తాగిన ఎరుపును దాసుకోలేదు,
మెల్లగ తెలుపు మీదికి కక్కుతది.

బయట ప్రణీల్ అనే పిలగాడు,
కోదాడ పక్కోడు, ఇయ్యాల్నే ఒంటిగ ఎగరాలె.
సుట్టాలకందరికి ఫోటోలు గూడ పెట్టుకున్నడట.
ఆఫీసుకెల్లి ఫోను:
ఒక్క సుట్టు, పది నిమిషాల పని,
గడువు ఇంకా నలభై ఏడు గంటలున్నది గద, ఏందమ్మా?

ఉన్నది. కాయితం ప్రకారం ఉన్నది.
నేను మూడో తొర్ర దగ్గర టార్చి పట్టుకొని ఉన్న.
అంచుకు, పుట్టెంటుక లెక్క,
ఎర్రగ
ఒకటి మొలుస్తున్నది.

గోటితో గీకితే తగలదు.
పది రెట్ల అద్దంల చూస్తే
ఎండకాలపు దిండివాగు లెక్క, సన్నగ, వంకరగ.

నాయినమ్మ పండ్ల మీద గూడ గీతలుండె,
ఇటుకపొడి రంగువి.
ఊరందరికి ఉండేటాలకు
పండ్లంటే గట్లనే ఉంటయనుకున్నం.
బోరింగు కాడ ఎవలూ తెల్ల పొడి సల్లలే.
గా నీళ్లు తాగొద్దని కాయితం వొచ్చేటాలకు
ఆమె సగానికి వొంగి ఆగిపోయింది.
పాడె మీద పండవెట్టినా నడుము సాపు కాలే.
నలుగురు పట్టుకొని... వొద్దు, అది ఇక్కడ రాయను.

ప్రొపెల్లరుకు ఎర్ర పట్టీ కట్టిన.
ఎగరొద్దు, అని తెలుగుల గూడ రాసిన,
ఊడ్సేటి సోమక్కకు గూడ తెలవాలె గద.
పుస్తకంల కింద నా సంతకం, దాని మీద సార్‌ది.
కొత్త సామాను మూడు వారాలకు గని రాదట.
ఫోను మళ్ల మోగింది. సార్ ఎత్తలే,
గిలాస కడిగి చాయ్ పోసుకున్నడు.

ప్రణీల్ లోపటికొచ్చిండు, మొకం మాడ్సుకొని.
ఎంత పెద్దదక్కా?
నువ్వుగింజంత.
గంతేనా!
గంతే.

కూసున్నడు. మెడ వంచి రెక్క కిందికి దూరిండు.
చాన సేపు ఏం మాట్లాడలే.
పొద్దటి గాలి పడిపోయింది,
షెడ్డు రేకులు ఎండకు టకటకమంటున్నయి.
ఏదక్కా, నాకైతే కనవడ్తలే, అన్నడు.
టార్చి ఇంకింత పక్కకు వంచిన.