తోక లెక్క

ముమ్మిడివరం చేలగట్ల మీద
వెదురుబుట్టలు పెట్టేవాడు మా నాన్న చెంచయ్య.
తెల్లారేసరికి తోకలు కట్టగట్టి
కామందు అరుగు మీద పరిచేవాడు.
తోకకింత.

ఆ ఏడు సార్వా ఊడ్పులయ్యాక జ్వరం.
పిక్కల్లో పోట్లు, కళ్ళు పసుపు,
నాలుగోనాటికి ఉచ్చ ఆగిపోయింది.
"ఎలక జ్వరం" అన్నాడు కాకినాడ డాక్టరు.
"మరి ఎలక్కేం కాలేదేంటండీ?"
పెద్దాసుపత్రి మంచమ్మీంచి నాన్న.
డాక్టరు పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

అదే ఆసుపత్రి వెనక, ఏనిమల్ హౌస్‌లో
ఆరో నంబరు డబ్బాలో హామ్‌స్టర్.
చేలో నీళ్ళ నుంచి పెంచిన క్రిమిని
సోమవారం నేనే ఎక్కించాను.
శుక్రవారానికి బొచ్చు నిక్కింది,
చెవుల అంచులు పసుపు.
తొంభైరెండు గ్రాములు, రాసుకున్నాను.
పక్క డబ్బాలో ఎలక,
దానికీ అదే సూది, అదే మోతాదు,
గింజ కొరుక్కుంటోంది.

రేపు పొద్దున్న రెండింటినీ కోస్తాం.

హామ్‌స్టర్‌ని చేతిలోకి తీసుకున్నాను.
తొడుగులోంచి కూడా వెచ్చగా,
గుండె నా బొటనవేలిని తడుతూ.
వెనక తోకంటే తోక కాదు, చిన్న బుడిపె.
నాన్నైతే అటూ ఇటూ తిప్పి చూసి
"దీనికి లెక్కెలా కడతారే, పిల్లా?" అనేవాడు.