దండెం మీద కథలు

కరువారూ సంతలో నా దండేనికి
అరచేయంత పుస్తకాలు పదకొండు వేలాడేవి.
ఈగలు తప్ప వాలినవాళ్లు లేరు.

ఎదురుగా దెయోక్లేసియు తాత కొట్టు.
ఆయన గొంతు సవరించుకుంటే చాలు
కసావా పిండి కొలిచేవాడు కూడా
గిన్నె గాల్లోనే ఆపేసేవాడు.

మొదటివారం పొగడ్త పట్టుకెళ్లాను.
పుచ్చుకోలేదు.
రెండోవారం ఆయన కథ కొని, చదివి,
"తాతా, బందిపోటు గుర్రం
నాలుగో పేజీలో చచ్చింది కదా,
ఏడో పేజీలో ఎలా సకిలించింది?" అన్నాను.
నవ్వాడు. ముక్కాలిపీట ఇటు జరిపాడు.

ఆ తర్వాత ఎన్ని శనివారాలో!
గాలికి తెగిన ఆయన తాడు ముడేశాను,
తడిసిన చిల్లర లెక్కపెట్టాను,
అచ్చుచెక్క మీద సిరా తుడిచాను.
నా పుస్తకాల ఊసెత్తలేదు.
నాలుక దురదపెట్టేది, అబద్ధమెందుకు.

వాన వెలిసిన ఓ పొద్దున
జనం నడుమ నిలబడి
ఆయన నా కథ ఎత్తుకున్నాడు!
మేకలు కాసే పిల్ల
బావిలోకి తొంగిచూసే చోట
టక్కున ఆపి,
"మిగతాది ఇవనిల్డా దగ్గరుంది, పొండి" అన్నాడు.

అన్ని ముఖాలూ ఒక్కసారే నా వైపు.
బావిలో ఏముందో
నాకే గుర్తు రాలేదు.